మా జేజి దొంగిలించిన పెరడు

పోయిన నెలలో మా కోడలు నన్ను కడపలో ఒక నర్సరీకి తీసుకుపోయింది. మేముండే అపార్ట్‌మెంటుకు ఎదురుగా ఇంకో అపార్ట్‌మెంటు లేచి, మా వరండాకు పొద్దున పూట రావాల్సిన ఎండను ఆపేసింది. చామంతులు, గులాబీలు ఒకదాని వెనక ఒకటి కన్నుమూశాయి. "నీడలో బతికే మొక్కలు తెచ్చుకుందాం, రండి అత్తయ్యా" అంది కోడలు. నర్సరీ నడిపే ఆమె మర్యాదస్తురాలు. ప్రతి కుండీ దగ్గరా ఆగి, దీనికి వారానికొకసారి నీళ్లు చాలు, దీనికి ఎండ తగిలితే ఆకు మాడుతుంది అంటూ పాఠం చెప్పింది. అన్నీ ఇంగ్లీషు పేర్లే. కళ్లద్దాలు సరిచేసుకుని చూద్దును కదా, అన్నీ నాకు తొమ్మిదేళ్లప్పటి నుంచీ తెలిసిన మొహాలే. స్నేక్ ప్లాంట్ అంటే మా చాగనార. పింగాణీ కుండీలో కూర్చున్నంత మాత్రాన నేను గుర్తుపట్టలేనా? "వీటినన్నిటినీ మేం దొంగతనం చేసి పెంచినాం" అనేశాను పైకే. నర్సరీ ఆమె కుండీలు లెక్కపెట్టుకుంటున్నట్టు ఒకసారి చుట్టూ చూసింది. కోడలు నా చెయ్యి నొక్కింది. ఇంటికొచ్చాక ఆమెకు సంజాయిషీ చెప్పుకోవాల్సి వచ్చింది. ఆమెకు చెప్పినప్పుడు కొంత దాచాను, ఎంతైనా కోడలు. ఇక్కడ దాచేదేమీ లేదు.

మా ఇల్లు ప్రొద్దుటూరులో, బట్టల అంగళ్ల వెనక వీధిలో ఉండేది. మట్టి మిద్దె. నడింటి పైకప్పుకు గాలీ వెలుతురూ రావడానికి ఒక గవాక్షి. దాంట్లోంచి పడిన ఎండ వంటింటి గడప దగ్గరికి జరిగిందంటే అన్నాల వేళ అయినట్టే. మా నాయనకు బట్టల అంగడి. మధ్యాహ్నం భోజనానికి వస్తే ఆయన కంటే ముందు కొత్త గుడ్డల గంజి వాసన వచ్చేది. ఇంట్లో నాయన, అమ్మ, నేను, జేజి. జేజి అంటే నాయనను కన్నతల్లి, నారాయణమ్మ. ఇంటి పెత్తనమంతా ఆమెదే. నాయన అంగట్లో పది మందికి సమాధానం చెప్పగలడు కానీ, ఇంట్లో ఈమె ఒక్క ప్రశ్నకు చెప్పలేడు. ఆమె ముక్కుపొడుం పీల్చేది. ఏదైనా తీర్పు చెప్పబోయే ముందు చిటికెడు పొడుం పీల్చి, రెండుసార్లు తుమ్మి, అప్పుడు నోరు తెరిచేది. రెండో తుమ్ముకల్లా మా అమ్మ చేతిలో పని ఆపి నిలబడేది.

వెనక పెరడు. బావి, గుడ్డలుతికే బండ, తులసికోట, కనకాంబరాలు, ఒక మూలంతా కమ్ముకున్న మల్లెపందిరి. పక్కింటి పెరటికీ మా పెరటికీ మధ్య మనిషెత్తు గోడ ఉండేది. పక్కిల్లు బంగారు అంగళ్ల వాళ్లది. ఆ ఇంటి పెద్దావిడ సుబ్బరత్నమ్మ, జేజి ఒకే ఏడు ఆ వీధికి కొత్తకోడళ్లుగా వచ్చారట. ఇద్దరూ ఒకరినొకరు వదినా అనే పిలుచుకునేవాళ్లు. సుబ్బరత్నమ్మవ్వ పెరట్లోనూ ఒక మల్లెపందిరి. సాయంత్రం నాలుగయ్యేసరికి ఇద్దరూ మొగ్గలు కోసుకుని, చెరోవైపు ఉతికే బండ ఎక్కి, గోడ మీద మోచేతులు ఆనించి మాలలు కట్టేవాళ్లు. వేళ్లు వాటిపాటికవి నడిచేవి, నోళ్లు వాటిపాటికవి. ఆ గంటలో మా వీధిలో ఏ ఇంటికీ పరువు మిగిలేది కాదు.

కర్నూలు రాజధానిగా ఉండిన రోజులవి. కొత్త రాష్ట్రం వచ్చిందన్న ఉత్సాహమో ఏమో, ఊళ్లో దుడ్లున్న వాళ్లంతా మిద్దెల మీద మేడలు లేపుతున్నారు. సుబ్బరత్నమ్మవ్వ కొడుకులు కూడా లేపారు. ఆ మేడ పూర్తయ్యే నాటికి మా పెరట్లో ఎండ పూర్తయింది. మల్లె ఆకు పెద్దదై, మొగ్గ మాత్రం వేయడం మానేసింది. కనకాంబరాలు వంగిపోయాయి. తులసమ్మను డొక్కు డబ్బాలోకి మార్చి మిద్దె మీదికి తీసుకుపోవాల్సి వచ్చింది. ఒకరోజు జేజి పొడుం పీల్చి, రెండు తుమ్ములూ తుమ్మి, బండ ఎక్కింది.

"ఏంది వదినా ఇది? మీ కొడుకులు నా పెరట్లో ఎండంతా తిన్యారు. నా ఎండ నాకిచ్చేయమను."

సుబ్బరత్నమ్మవ్వ పకపకా నవ్వింది. "ఎండేమన్నా మూటగట్టి దాచిపెట్టుకున్నామా వదినా, ఇచ్చేదానికి?"

ఆ నవ్వే కొంప ముంచింది. జేజి బండ దిగింది. మళ్లీ ఎక్కలేదు. "అమ్మా, వాళ్ల తావులో వాళ్లు కట్టుకున్యారు. మనం అడిగేదానికి ఏముండాది?" అని నాయన నచ్చజెప్పబోతే, "నువ్వు గమ్మునుండు, గజాలు కొలిచేది తప్ప నీకేం తెల్సు?" అంది. మొండివాడు రాజుకన్నా బలవంతుడంటారు. మా జేజి ముందు ఆ మొండివాడు కూడా చేతులు కట్టుకుని నిలబడాల్సిందే. కానీ సాయంత్రం నాలుగయ్యేసరికి ఆమె కాళ్లు ఆమె మాట వినేవి కావు. పెరట్లోకి పోయేది, గోడదాకా నడిచేది, అక్కడ ఏదో పని ఉన్నట్టు రాలిన ఆకు ఒకటి ఏరి వెనక్కి వచ్చేది. నడింట్లో కూర్చుని, మాల కట్టడానికి ఏమీ లేక, దారం వేలికి చుట్టి విప్పేది. పోయింది ఎండ అని ఆమె అనేది. పోయింది వదిన అని ఇంట్లో అందరికీ తెలుసు. చెప్పే ధైర్యమే ఎవరికీ లేదు.

నాయన తనకు తోచిన మందు వేశాడు. నీడలో బతికే అందమైన చెట్లు తెచ్చి పెరడు నింపితే తల్లి మనసు మళ్లుతుందనుకున్నాడు. సరుకు ఆర్డర్ల కోసం పులివెందుల పోయినప్పుడు, ఒక ప్లీడరుగారి వాకిట్లో ఎర్రగా, పసుపుగా మెరుస్తున్న క్రోటన్ చెట్లు చూశాడు. మర్యాదగా అడిగి, నాలుగు అంట్లు తడిగోనెలో చుట్టించుకుని, బస్సులో చంటిబిడ్డను తెచ్చినట్టు ఒళ్లో పెట్టుకుని తెచ్చాడు. ప్లీడరుగారి వాకిలి మిట్టమధ్యాహ్నపు ఎండలో ఉంటుందన్న సంగతి ఆయనకు పట్టలేదు. మా నీడలో మూడు నెలలకు ఎరుపు పోయింది, పసుపు పోయింది, మామూలు ఆకుపచ్చ మిగిలింది. "ఏరా నాగయ్యా, నీ అంగట్లో చీర మాదిరే రెండు నీళ్లకే రంగు పాయనే!" అంది జేజి. రంగు వెలిసే గుడ్డ ఏనాడూ అమ్మి ఎరగని మా నాయన ఆ పూట మజ్జిగన్నం తినకుండానే లేచిపోయాడు. తర్వాత జమ్మలమడుగు నుంచి గులాబీ తెచ్చాడు. అది ఒక్క పువ్వూ పూయకుండా సన్నగా, పొడుగ్గా, గోడ దాటి పోయింది. "అది కూడా మేడెక్కి సూడాలనుకుంటాంది" అని అమ్మ నోరుజారి, జేజి చూపుకు వంటింట్లోకి పారిపోయింది.

అప్పుడు జేజి స్వయంగా రంగంలోకి దిగింది. తుమ్ములయ్యాక తీర్పు ఇదీ. "అడిగి తెచ్చిన చెట్టుకు మొగమాటం. పరాయింట్లో ఉన్నట్టు ఉంటాది, వేరు దించదు. దొంగతనంగా తెచ్చిందయితే భయానికి పెరుగుతాది." ఇది మా జేజి కనిపెట్టిన సిద్ధాంతం కాదు. ఆ కాలంలో మా వైపు ఆడవాళ్లంతా నమ్మేదే. దానికి కొన్ని నియమాలున్నాయి. ఇంటావిడ చూడకూడదు. చూసినా చూడనట్టుండాలి. నోటితో "తీసుకోండి" అన్నదంటే ఆ మొక్క చచ్చినట్టే. తెచ్చినవాళ్లు నాటేదాకా ఎవరితోనూ నోరు విప్పకూడదు. తులసి మాత్రం అడిగే తెచ్చుకోవాలి, దేవుడి దగ్గర ఈ వేషాలు చెల్లవు. ఎంచుకోవడంలో కూడా జేజి నాయన కంటే నాలుగాకులు ఎక్కువ చదివింది. "వాకిట్లో ఉండే చెట్టు దిక్కు సూడొద్దు పాపా, అది ఎండ తిని పెరిగింది. ఇంటెనక్కి పో. బావి పక్కన, అంట్లు తోమే నీళ్లు పోయే తావులో ఏది పచ్చగుండాదో అదే మనది. నీడలో ఆకు సూస్కోవాల, పువ్వు అడగకూడదు." నర్సరీ ఆమె గంటసేపు చెప్పిన పాఠం ఇంతకు మించి ఏమీ లేదు.

మొదటి దొంగతనం జమ్మలమడుగులో, జేజి పిన్నమ్మ కూతురు ఓబుళమ్మ ఇంట్లో. నేనూ పోయాను. ఓబుళమ్మవ్వ పెరట్లో బావి గట్టు పక్కనే చాగనార కత్తుల్లాగా లేచి ఉంది. బావి గిలక కర్రకు ఒక తీగ అల్లుకుని ఉంది, ఇప్పుడు మనీ ప్లాంట్ అంటున్నదే. "ఓబుళమ్మా, రవ్వంత మజ్జిగ ఇయ్యవే, గొంతు ఎండకపోతాంది" అంది జేజి. ఓబుళమ్మవ్వ లోపలికి పోయింది. చల్ల చిలికి, వెన్న తీసి, నెయ్యి కాచినా సరిపోయేంతసేపు లోపలే ఉంది. వచ్చే ముందు గడప దగ్గర నిలబడి పెద్దగా రెండుసార్లు దగ్గింది. అప్పటికి మూడు తీగ ముక్కలు, ఒక చాగనార పిలక తడిగుడ్డలో చుట్టుకుని నా పావడా మడతల్లోకి చేరిపోయాయి. బస్సు ఎక్కించేటప్పుడు ఓబుళమ్మవ్వ మబ్బు వైపు చూస్తూ, "కొందరు తీగకు దినామూ నీళ్లు పోసి కుళ్లబెడతారక్కా. రెండు దినాలకొకతూరి పోస్తే చాలు. ఊరికే చెప్తాండా" అంది. మా జేజి దొంగకు తేలు కుట్టినట్టు కిక్కురుమనలేదు.

దారిలో తడిగుడ్డ నీళ్లు కారి నా పావడా తడిసింది. నీళ్లు సీటు మీది నుంచి కిందికి బొట్టుబొట్టుగా రాలాయి. కండక్టరు చూశాడు. "ఏం పాపా, ముందే చెప్పింటే బస్సు నిలిపేటోళ్లం గదా" అన్నాడు. బస్సు బస్సంతా తల తిప్పింది. నేను నాలుగో తరగతి, మా క్లాసులో ఫస్టు. నిజం చెబుదామని నోరు తెరిస్తే జేజి మోచేత్తో పొడిచింది. నాటేదాకా మాట్లాడకూడదు కదా! ప్రొద్దుటూరు వచ్చేదాకా ఆ నింద మోశాను. ఇంటికి పోయి తీగ నాటి, మన్ను అదిమి, చేతులు కడుక్కున్నాక అప్పుడు ఏడిచాను. జేజి నవ్వి నవ్వి బావి గట్టు మీద కూలబడింది. గొడవ తర్వాత ఆమె అట్లా నవ్వడం అదే మొదలు. అందుకే ఆ కండక్టరును నేను క్షమించేశాను.

ఆ ఏడాది మేం పోని చుట్టరికం లేదు. పెళ్లికి పోతే రణపాల ఆకు, పరామర్శకు పోతే కలబంద పిలక. చెన్నూరులో ఎవరో పోయారని పోయి, ఏడుపుల మధ్య జేజి కళ్లు తుడుచుకుంటూనే పెరటి వైపు చూడడం నేను గమనించాను. మా మేనమామ ఒకరు గండికోట చూడబోయి, రాళ్ల సందులో తేమకు పెరిగిన సన్నాకు మొక్కను తువ్వాలులో చుట్టుకుని వచ్చాడు. ఇప్పుడు దాన్ని ఫెర్న్ అంటున్నారు. అది ఎవరి సొత్తూ కాదు గనక దొంగతనం కిందికి వస్తుందా రాదా అని జేజికి గట్టి అనుమానం. ఆమె అనుమానానికి తగ్గట్టే అది సగం చచ్చి సగం బతికింది. బతికిన సగం బావి చెమ్మకు చట్టి నిండా పెరిగింది. మొత్తానికి ఎండ పోయిన పెరడు ఏడాది తిరిగేసరికి చల్లగా, పచ్చగా, తడిమట్టి వాసనతో నిండిపోయింది. నాయన అంగడి నుంచి వచ్చి ముందు అక్కడికే పోయి నిలబడేవాడు. రంగు పోయిన క్రోటన్ల వైపు మాత్రం చూసేవాడు కాదు.

అంతలో తీగ కొసలు మాయం కావడం మొదలైంది. గోడెక్కిన ప్రతి కొసా పొద్దునకల్లా ఉండేది కాదు. "ఉడుత" అని తేల్చేసింది జేజి. నేను తెగిన మొండి ఒకటి పట్టుకుని చూస్తే గోటితో గిల్లినట్టు సమంగా ఉంది. "ఉడుతకు బొటనవేలి గోరుంటాదా జేజీ?" అన్నాను. జేజి పొడుం డబ్బా తీసింది కానీ తెరవలేదు. నన్ను ఎత్తి బండ మీద నిలబెట్టి, తనూ ఎక్కింది. ఏడాది తర్వాత ఆ బండ ఎక్కడం అదే.

అవతల పెరట్లో ఎవరూ లేరు. మేడ నీడ అక్కడ మా పెరట్లో కంటే చిక్కగా ఉంది. పందిరి గుంజలు ఉన్నాయి గానీ వాటి మీద మల్లె లేదు, ఎండిపోయిన కట్టెలు ఉన్నాయి. పందిరి కింద వరసగా పగిలిన కుండ పెంకుల్లో మా తీగ, మా రణపాల, మా సన్నాకు పిల్ల. ఒక్కటొక్కటే గిల్లుకుపోయి బతికించుకుంది సుబ్బరత్నమ్మవ్వ. ఆ కొసన, ఎర్ర చుక్కలున్న పెద్ద పెద్ద ఆకులతో ఒక రంగుల చేమ. అది మా దగ్గర లేదు. జేజి దొంగలు దొరికారని కేకలు వేస్తుందనుకున్నాను. ఆమె చాలాసేపు ఆ ఎండు పందిరి వైపే చూసింది.

"ఆమె ఎండ గూడా తిన్యారే పాపా" అంది. "కొడుకులు ముచ్చటపడి కట్నారని నోరెత్తలేకపాయ. నాతోనన్నా ఒక్క మాట చెప్పల్యా సూడు." మళ్లీ తనే అంది, "నేను చెప్పనిస్తే గదా."

అయినా పోయి పలకరించలేదు. ముందు ఎవరు మాట్లాడాలన్న దగ్గర ఆమె కాలు ఆగిపోయింది. మర్నాడు మాత్రం వేరు పట్టిన తీగ ముక్కను కొబ్బరి చిప్పలో పెట్టి గోడ మీద ఉంచింది. నేను పక్కనే ఉన్నా, వీధి చివరిదాకా వినబడేట్టు, "పాపా, చిప్ప ఈడ పెట్టినా. ఎవురూ ల్యాకుండా సూసి ఎవరన్నా ఎత్తకపోతారేమో, జాగ్రత్త! మేం నడింట్లోకి పోతాండాం!" అని అరిచింది. సాయంత్రానికి చిప్ప లేదు. నాలుగు రోజులకు గోడ మీద ఒక రాగి చెంబులో రంగుల చేమ గడ్డ, అవతల నుంచి మేమెవరమూ వినకపోవడానికి వీల్లేనంత గట్టి దగ్గు. జేజి చెంబు దించుకుంది. తర్వాత పెద్ద చిక్కొచ్చింది. చెంబు కూడా దొంగతనం కిందికే వస్తుందా, తిరిగిచ్చేస్తే చేమ చచ్చిపోతుందా? చివరికి చెంబులో సన్నాకు పిల్ల నాటి గోడ మీద పెట్టి, వాళ్లే దొంగిలించుకుపోయే ఏర్పాటు చేసింది. "మాట్లాడుకుంటే పోయేదానికి ఇంత తిప్పలేందమ్మా?" అన్నాడు నాయన. "మాట్లాడితే చెట్టు బతకదురా, పిచ్చినాగయ్యా" అంది జేజి, ఆయనకే ఏమీ తెలియనట్టు.

ఇప్పటి పద్ధతిలో ఈ తిప్పలేవీ లేవు. కోడలు ఎంచిన మొక్కలు రెండో రోజుకు ఇంటికొచ్చాయి, పేరూ, నీళ్ల లెక్కా రాసిన చీటీలతో సహా. ఆరోగ్యంగా ఉన్నాయి, నేను వంక పెట్టను. వాటి కోసం నేను ఎవరింటికీ పోయి మజ్జిగ అడగలేదు, ఎవరూ నా కోసం గడప దగ్గర దగ్గలేదు. మా ఎదురింటి గుమ్మం పక్కన ఒక కుండీ ఉంది, మంచి ఆకు. మూడేళ్లుగా చూస్తున్నాను. ఆ ఇంటివాళ్ల పేరు నాకు తెలియదు. గిల్లుదామని చెయ్యి పోతుంది. పట్టుబడితే దొంగనే అనుకుంటారన్న భయంతో వెనక్కి వస్తుంది. మా కాలంలో పట్టుబడినా చుట్టమే అయ్యేవాళ్లం. పాత కాలమంతా బంగారమని నేననను. మాట పట్టింపుతో ఏడాదిపాటు ముఖం చూసుకోని మనుషులు ఆ కాలం వాళ్లే. మళ్లీ కలవాలంటే ఒక దారి ఉంచుకునే అలిగేవాళ్లు, అదే తేడా.

ఆ పై వానాకాలంలో జేజి సన్నాకు మొక్కలన్నిటిలోకీ మంచిదాన్ని చట్టితో సహా గోడ మీద పెట్టింది. రోజు గడిచింది. అది అక్కడే ఉంది. రెండో రోజూ ఉంది. మూడో రోజు జేజి పది మాట్లు పెరట్లోకి పోయి వచ్చింది, అన్నం సయించలేదంది. అవతల దగ్గు లేదు, బిందె చప్పుడు లేదు. నాలుగో రోజు పొద్దున ఆమె చట్టిని రెండు చేతుల్తో ఎత్తుకుంది. పెరటి వైపు పోలేదు. వీధి వాకిలి తీసి, అందరూ చూస్తుండగా నడిచి, పక్కింటి ముందు గుమ్మం ఎక్కింది. ఆమె కొంగు పట్టుకుని నేను. బంగారు అంగడి కొడుకులు ఇద్దరూ దిగ్గున లేచి నిలబడ్డారు. జేజి వాళ్ల వైపు చూడకుండా నేరుగా లోపలి గదిలోకి పోయింది.

సుబ్బరత్నమ్మవ్వ మంచం మీద ఉంది. పది రోజులుగా విషజ్వరమట. ముఖం పిడికెడైంది. గోడ వైపు తిరిగి పడుకున్నదల్లా అడుగుల చప్పుడుకు ఇటు తిరిగింది.

"ఏమ్మే, నాలుగు దినాలాయ. నా చెట్టు యాడ పెట్నిందాడనే ఉండాది. దొంగతనం మానుకున్యావా?" అంది జేజి.

"లేచేదానికి సత్తువ ల్యాకపాయ వదినా." సుబ్బరత్నమ్మవ్వ కళ్ల కొసల నుంచి నీళ్లు దిండులోకి దిగాయి. "నువ్వు వాకిలి తట్టు వస్తివే!"

జేజి చట్టిని మంచం మీద, ఆమె చెయ్యి పక్కన పెట్టింది. "ఇదో, నీకే తెచ్చినా. తీసుకో."

సుబ్బరత్నమ్మవ్వ ఉలిక్కిపడి చెయ్యి వెనక్కి లాక్కుంది. "అయ్యో, చేత్తో ఇస్తాండావేంది! తీసుకో అంటాండావేంది! బతకదు వదినా అది."

జేజి ఆ చెయ్యి పట్టుకుని తెచ్చి చట్టి మీద ఆనించింది.

"అది బతక్కపోతే పోనీలే" అంది. "నువ్వు బతుకు."

మొక్క నెల తిరక్కముందే ఎండిపోయింది. సుబ్బరత్నమ్మవ్వ ఇంకో పన్నెండేళ్లు బతికింది.